ఊళ్లో పొలం ఉండి మీరు బయట ఉంటున్నారా? భూమి చేజారకుండా, మీ మీద కేసు పడకుండా ఏం చేయాలి

పొలం ఊళ్లో ఉంది, మేం సిటీలో ఉంటున్నాం, కౌలుకిస్తే భూమి పోతుందా అండీ అని అడిగేవాళ్లు నాకు నెలకి ఇద్దరు ముగ్గురు తగులుతుంటారు. మన పొలంలో ఎవరికైనా ఏమన్నా అయితే అది ఎవరి మెడకి చుట్టుకుంటుంది అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు, మా పొలంలో నా కళ్లారా చూసేదాకా.

నాన్న పోయాక ఒక ఎండాకాలం పొలం చూద్దామని వెళ్లాను. గట్టు పక్కన ఒక యూరియా గోతం, దాని మీద ఒక బండరాయి ఉన్నాయి. పక్కనే చింతచెట్టు కింద గొర్రెల కాపరుల పిల్లలు ఇద్దరు అన్నం తింటున్నారు. రాయి పక్కకి నెట్టి గోతం లాగితే కింద ఆరున్నర అంగుళాల కంత, ఫెయిలైన బోరు. చిన్న రాయి వేస్తే అడుగు తగిలిన చప్పుడు కూడా వినపడలేదు. ఆ బోరు వేసి తొమ్మిదేళ్లు, ఈలోపు ముగ్గురు కౌలుదార్లు మారారు, మేమేమో కౌలుదారు చూసుకుంటాడనుకున్నాం, వాళ్లేమో ఓనర్లకి తెలుసులే అనుకున్నారు. ఎవరి తప్పూ లేనట్టే ఉంటుంది, కానీ ఆ రోజు ఆ పిల్లల్లో ఒకడు ఆ రాయి మీద కూర్చుని ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు, అందుకే ఇది ఇంత వివరంగా రాస్తున్నా.

ఇది ఆంధ్రా, తెలంగాణ రెండు చోట్లా పొలం ఉన్నవాళ్ల కోసం. పేర్లు, పోర్టళ్లు వేరైనా చేయాల్సిన పని దాదాపు ఒకటే, తేడా ఉన్నచోట చెప్తాను.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- పాస్‌బుక్, మీ పేరు మీదికి భూమి ఎలా వచ్చిందో చూపే దస్తావేజు (సేల్ డీడ్, గిఫ్ట్, పార్టిషన్, వీలునామా ఏదైతే అది)
- కొత్తగా తీసిన ఈసీ (ఆ భూమి మీద ఏ రిజిస్ట్రేషన్లు, తాకట్లు ఉన్నాయో చూపే కాగితం)
- ఆంధ్రాలో అయితే మీభూమి పోర్టల్ నుంచి 1బి (ఓనర్ వివరాలు), అడంగల్ (సాగు వివరాలు). తెలంగాణలో అయితే భూ భారతి పోర్టల్ నుంచి పహాణీ (సాగు, అనుభవం రికార్డు) వివరాలు
- సర్వే నంబర్ పటం (ఆంధ్రాలో ఎఫ్ఎంబీ అంటారు, తెలంగాణలో టిప్పన్ అని అడగాలి)
- పొలం దగ్గరకి వెళ్లడానికి ఒక పూర్తి రోజు, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసిన కెమెరా, ఒక నోట్‌బుక్
- ఊళ్లో మీకు నిజం చెప్పే ఒక మనిషి. వీడు అన్నిటికంటే ముఖ్యం. బంధువే కానక్కర్లేదు, పక్క పొలం రైతు అయితే ఇంకా మంచిది.

1. రికార్డులో మీ పేరు ఉందో లేదో మీరే చూడండి

ఇది ఇంట్లో కూర్చుని అరగంటలో అయిపోయే పని. సర్వే నంబర్ కొట్టి చూడండి, పేరు, తండ్రి పేరు, విస్తీర్ణం దస్తావేజుతో సరిపోయాయా చూడండి. ఒక్క సెంటు, ఒక్క గుంట తేడా ఉన్నా రాసిపెట్టుకోండి. తెలంగాణలో ధరణి పోయి 2025 ఏప్రిల్ 14 నుంచి భూ భారతి చట్టం వచ్చింది కాబట్టి పాత ప్రింట్ నా దగ్గర ఉందిలే అని ఊరుకోకండి, కొత్తదాంట్లో ఎలా ఉందో చూడండి. ఆంధ్రాలో 2020 డిసెంబర్‌లో మొదలైన రీసర్వే మీ ఊళ్లో అయిపోతే పాత సర్వే నంబర్ బదులు కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్ వచ్చి ఉంటుంది, విస్తీర్ణం కూడా మారి ఉండొచ్చు.

ఎక్కువమంది చేసే తప్పు ఏంటంటే తాత పేరు మీదో నాన్న పేరు మీదో అలాగే వదిలేయడం, అన్నదమ్ములం కలిసే ఉన్నాం కదా తొందరేముంది అని. తొందర ఉంది. రికార్డులో చనిపోయిన మనిషి పేరుంటే ఆక్రమణ మీద కంప్లైంట్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ముందు మీరెవరు అనే దగ్గరే ఆగిపోతారు.

ఈసీ మాత్రం ఏడాదికోసారి తీయండి, సంక్రాంతికో ఉగాదికో ఒక డేట్ పెట్టుకోండి. మీకు తెలియకుండా మీ సర్వే నంబర్ మీద ఏ రిజిస్ట్రేషన్ జరిగినా మొదట బయటపడేది అక్కడే.

2. హద్దులు

మీ పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మీకు కచ్చితంగా తెలియకపోతే మిగతాదంతా వేస్ట్. హద్దు రాళ్లు కనపడకపోతే సర్వేకి అప్లికేషన్ పెట్టండి, ఆంధ్రాలో దీన్ని ఎఫ్-లైన్ అంటారు, తెలంగాణలో హద్దుల సర్వే అని మీసేవలో అడగండి. సర్వేయర్ వచ్చే రోజు పక్క రైతులకి నోటీసులు వెళ్తాయి, అయినా మీరు కూడా ఫోన్ చేసి రమ్మనండి, వాళ్లు లేకుండా పాతిన రాయి వారంలో కదులుతుంది. వాళ్ల ముందే రాళ్లు పాతించి ఒక్కో రాయి దగ్గర ఫోటో తీయండి, ఫోటోలో రాయితో పాటు కదలనిది ఏదన్నా పడాలి, చెట్టో కరెంటు స్తంభమో.

సర్వేయర్ ఇచ్చిన రిపోర్టు కాపీ చేతికి వచ్చేదాకా వదలొద్దు. నోటితో చెప్పి వెళ్లిపోయిన సర్వేకి తర్వాత విలువ ఉండదు.

3. కౌలు కాగితం రాసుకోండి

అందరూ భయపడేది ఇక్కడే. పన్నెండేళ్లు ఎవడైనా దున్నుకుంటే భూమి వాడిదైపోతుంది అని ఊళ్లో ఒక మాట ఉంటుంది. అందులో సగం నిజం. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రైవేటు భూమిలో ఒకడు ఓనర్‌కి వ్యతిరేకంగా, బాహాటంగా, ఇది నాదే అని పన్నెండేళ్లు ఏకధాటిగా అనుభవిస్తే ఓనర్ హక్కు పోయే ప్రమాదం ఉంది. ఆ మనిషి మీ పర్మిషన్‌తో, కౌలు కడుతూ ఉన్నాడంటే మాత్రం ఎన్నేళ్లు దున్నినా అది అనుభవ హక్కు కాదు. మరి మీ పర్మిషన్‌తోనే ఉన్నాడని రుజువేంటి? నోటి కౌలు, చేతిలో క్యాష్ అయితే రుజువు ఏమీ లేదు. అంటే జనం భయపడి ఎగ్గొట్టే ఆ కాగితమే నిజానికి మిమ్మల్ని కాపాడేది, దయచేసి ఇది మీ ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చెప్పండి.

ఆంధ్రాలో అయితే 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలలకి ఒప్పందం రాసుకుని కౌలుదారుకి సీసీఆర్‌సీ కార్డు (పంట సాగుదారు హక్కుల కార్డు) ఇప్పించొచ్చు. ఈ కార్డుతో అతనికి పంట మీద హక్కు, పంట రుణం, పంట బీమా, నష్టపరిహారం వస్తాయి, భూమి మీద ఏ హక్కూ రాదు, మీ భూమిని తాకట్టు పెట్టలేడు. సంతకం పెడితే భూమి పోతుందని కార్డు ఇవ్వనివ్వని ఓనర్లు చాలామంది ఉన్నారు, దానివల్ల తుఫాను వచ్చిన ఏడు కౌలు రైతుకి పరిహారం అందక మునిగిపోతాడు. మీ సంతకం వల్ల మీకు పోయేదేం లేదు, అతనికి మాత్రం ఒక ఏడు బతుకు నిలబడుతుంది.

తెలంగాణలో 1950 కౌలు చట్టం, రక్షిత కౌలుదారు, 38-ఇ (రక్షిత కౌలుదారుకి యాజమాన్యం ఇచ్చే సెక్షన్) అనే మాటలు విని భయపడతారు. అది ఆ కాలంలో రికార్డుల్లోకి ఎక్కిన కౌలుదార్ల విషయం, ఇప్పుడు మీరు ఏడాదికి కౌలుకిచ్చినంత మాత్రాన అతను రక్షిత కౌలుదారు అయిపోడు. కానీ మీరు భూమి కొనే ముందు పాత రికార్డులో రక్షిత కౌలుదారు పేరు ఉందేమో తప్పకుండా చూపించుకోండి.

కాగితంలో ఏం రాయాలి:

- సర్వే నంబర్, ఎన్ని ఎకరాల ఎన్ని సెంట్లు లేదా గుంటలు, నాలుగు హద్దులు
- ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. 11 నెలలు దాటించకండి, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి
- కౌలు ఎంత, ఎప్పుడు ఇవ్వాలి. బస్తాల లెక్కన అయితే బస్తా ఎన్ని కేజీలో కూడా
- భూమిలో ఇప్పటికే ఉన్నవి: బోరు, మోటారు, స్టార్టర్ పెట్టె, పైపులు, చెట్లు, పాక
- కౌలుదారు చేయకూడనివి: ఇంకొకరికి ఇవ్వడం, కొత్త బోరు వేయడం, మట్టి అమ్మడం, కంచెకి కరెంటు పెట్టడం
- బోరు మూత, మోటారు వైరింగ్, కుంట కంచె ఎవరు చూసుకోవాలి, పాడైతే ఎన్ని రోజుల్లో మీకు చెప్పాలి

ఈ చివరిది కౌలు కాగితాల్లో నేను ఎక్కడా చూడలేదు. మా బోరు కథంతా ఈ ఒక్క లైన్ లేకపోవడం వల్లే.

కౌలు డబ్బు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో తీసుకోండి, మెసేజ్‌లో ఖరీఫ్ కౌలు, సర్వే నంబర్ ఫలానా అని రాయమనండి. క్యాష్ ఇస్తే చిన్న రసీదు ఇచ్చి కార్బన్ కాపీ మీరు ఉంచుకోండి. గడువు అయిపోయాక మళ్లీ అదే మనిషికి ఇచ్చినా కొత్త కాగితం రాయండి, పాతదాని మీద తేదీ దిద్దకండి.

అన్నయ్యే చేసుకుంటున్నాడు, మేనమామే చూసుకుంటున్నాడు, వాళ్ల దగ్గర కాగితం అడిగితే బాగోదు కదా అంటారు. నేను చూసిన గొడవల్లో ఎక్కువ బంధువుల మధ్యే. ఇలా అడగండి: "మావయ్యా, బ్యాంకులో అడుగుతున్నారు, పొలం నువ్వు చేస్తున్నట్టు ఒక కాగితం ఉంటే నీకూ మంచిదే." దాదాపు ఎవరూ కాదనరు.

4. బోరు, బావి, కుంట: దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు

2017 జూన్‌లో చేవెళ్ల మండలంలో ఏడాదిన్నర పాప తెరిచి ఉన్న బోరులో పడి చనిపోయింది. 2020 మేలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలో మూడేళ్ల బాబు చనిపోయాడు, అది నీళ్లు పడలేదని అప్పుడే వదిలేసిన కొత్త బోరు. అంటే పాత బోర్లే ప్రమాదం అనుకోవద్దు, రిగ్గు బండి పొలం దాటిపోయిన మరుక్షణం నుంచే ప్రమాదం మొదలవుతుంది.

సుప్రీంకోర్టు 2010లో బోర్ల మీద గైడ్‌లైన్స్ ఇచ్చింది. వాటిలో మీరు చేయాల్సినవి ఇవి:

- బోరు వేయడానికి కనీసం 15 రోజుల ముందు అధికారులకి రాతపూర్వకంగా చెప్పాలి. మన దగ్గర ఎలాగూ వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషన్ తీసుకోవాలి
- రిజిస్టర్ అయిన రిగ్గు వాళ్లతోనే వేయించాలి
- వేస్తున్నప్పుడు చుట్టూ ముళ్ల కంచె లేదా అడ్డు, ఓనర్ అడ్రస్, రిగ్గు వాళ్ల అడ్రస్ ఉన్న బోర్డు
- కేసింగ్ (బోరులో దించే పైపు) చుట్టూ సిమెంటు దిమ్మె, అర మీటరు పొడవు అర మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్లు భూమి పైకి 30 సెంటీమీటర్లు లోపలికి
- కేసింగ్ మూతికి వెల్డింగ్ చేసిన ఇనుప ప్లేటు లేదా బోల్టులతో బిగించిన మూత
- మోటారు రిపేరుకి పైకి తీసినప్పుడు కూడా బోరు తెరిచి వదలకూడదు
- నీళ్లు పడని బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లు, బోరు తీసినప్పుడు వచ్చిన పొడితో పూడ్చేయాలి

ఎలా చేయాలంటే, ముందు పొలంలో ఎన్ని బోర్లు ఉన్నాయో లెక్క తీయండి. కాగితాల్లో కాదు, కాలినడకన. పాత పాలేరునో గొర్రెలవాళ్లనో అడగండి, మీకు తెలియని బోరు వాళ్లకి తెలుస్తుంది. మా పొలంలో ఒక్కటే అనుకున్నాను, వెతికితే రెండు దొరికాయి, రెండోది తుమ్మ కంప కింద.

పూడ్చేటప్పుడు తప్పు ఎక్కడ జరుగుతుందంటే, పెద్ద రాళ్లు ముందు వేసేస్తారు. ఆరున్నర అంగుళాల కంతలో అవి మధ్యలో ఇరుక్కుంటాయి, పైన మట్టి పోస్తే నిండినట్టే కనపడుతుంది, రెండు వానలకి లోపల మట్టి జారి మళ్లీ కంత తెరుచుకుంటుంది. అందుకే సన్న గులకరాళ్లు, ఇసుక కొద్దికొద్దిగా పోయండి, మధ్యమధ్యలో తాడుకి బరువు కట్టి వదిలి లోతు ఎంత తగ్గిందో చూస్తుండండి. బోరు లోతెంతో బోరు బిల్లులో ఉంటుంది, దాన్నిబట్టి ఎంత మెటీరియల్ పట్టాలో లెక్కేస్తే (ఆరున్నర అంగుళాల బోరుకి వంద అడుగులకి సుమారు 23 ఘనపుటడుగులు) దానికంటే బాగా తక్కువ పట్టిందంటే మధ్యలో ఎక్కడో ఇరుక్కున్నట్టే. పూర్తయ్యాక పైన మట్టి కుప్పలా పోసి ఒక వానాకాలం అయ్యాక మళ్లీ వెళ్లి చూడండి, కుంగితే మళ్లీ నింపండి.

వెంటనే పూడ్చలేకపోతే? ఆ రోజే మూత వెల్డింగ్ చేయించండి. గోతం, బండరాయి, తాటిమట్ట, పాత టైరు, ఇవేవీ మూతలు కావు.

దిగుడు బావి అయితే చుట్టూ నడుము ఎత్తు గోడ. సేద్యపు కుంటకి ప్లాస్టిక్ షీట్ వేసి ఉంటే అది బావికంటే ప్రమాదం, షీట్ మీద పాచి పట్టి ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేడు. కంచె వేయండి, అది కాకుండా గట్టు మీద గట్టి గుంజకి కట్టిన, మధ్యమధ్యలో ముడులు వేసిన తాడు ఒకటి నీళ్లలోకి వేలాడేలా నాలుగు వైపులా వదలండి. ఖర్చు చాలా తక్కువ, ఒక ప్రాణం నిలబడుతుంది. పాత బావిలో పూడిక తీయడానికి మనుషుల్ని దింపొద్దు, కింద గాలి ఆడదు, ఒకడు పడిపోతే కాపాడబోయి రెండోవాడు కూడా పోతాడు.

మీ నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు, ఇంతకుముందు ఐపీసీ 304-ఎ లో ఇది రెండేళ్లే ఉండేది. దీని పైన నష్టపరిహారం కేసు వేరే.

5. కంచె

అడవి పందుల బాధ నాకు తెలుసు, ఒక్క రాత్రిలో వేరుశెనగ మొత్తం తవ్విపోసిన చేను చూసి ఏడ్చిన రైతుని చూశాను. అయినా సరే, మోటారు లైన్ నుంచి వైరు లాగి కంచెకి కరెంటు పెట్టొద్దు, కౌలుదారుని పెట్టనివ్వొద్దు. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క రైతే దానికి తగులుకుంటాడు, చాలా సార్లు పెట్టినవాడే తగులుకుంటాడు. ఇలాంటి చావుల్లో చచ్చిపోతారని తెలిసే పెట్టారు అని పోలీసులు భారతీయ న్యాయ సంహిత 105 సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు, అది పదేళ్ల దాకా వెళ్తుంది. కరెంటు దొంగతనానికి 2003 విద్యుత్ చట్టం 135 సెక్షన్, జంతువు చస్తే 1972 వన్యప్రాణి చట్టం.

బదులుగా సోలార్ ఫెన్సింగ్ పెట్టుకోవచ్చు, అందులో కరెంటు నిరంతరంగా పారదు, ఎనర్జైజర్ (కంచెకి కరెంటు పంపే పెట్టె) నుంచి సెకనుకోసారి క్షణకాలం దెబ్బలా వచ్చి ఆగిపోతుంది, జంతువు భయపడి పోతుంది కానీ చావదు. కంపెనీ ఎనర్జైజర్ మాత్రమే వాడండి, హెచ్చరిక బోర్డులు బొమ్మతో పెట్టండి (చదవడం రానివాళ్లకీ పిల్లలకీ అర్థం కావాలి). ఎనర్జైజర్ పాడైంది కదా అని దాని వైర్లని డైరెక్టుగా మెయిన్‌కి కలిపిన వాళ్లున్నారు, అప్పుడు అది మళ్లీ చంపే కంచె. మీరు వెళ్లినప్పుడల్లా ఎనర్జైజర్ పెట్టె దగ్గరకెళ్లి వైరు ఎక్కడి నుంచి వస్తుందో వేలితో చూపిస్తూ వెనక్కి వెతకండి.

అదే చేత్తో స్టార్టర్ పెట్టె కూడా చూడండి: తలుపు ఉందా, ఎర్తింగ్ ఉందా, అతుకులు వేసిన వైర్లు బురదలో పడున్నాయా.

6. దారి

మీ పొలంలోంచి పక్కవాళ్లు బండి తోలుకుంటున్నారా? 1882 ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం 20 ఏళ్లు ఆపకుండా, అడగకుండా, హక్కులా వాడితే దారి హక్కు వస్తుంది. ఆపేయమని చెప్పను, ఊళ్లో దారి మూస్తే తరతరాల పగ. ఒక చిన్న కాగితం రాసుకోండి: ఫలానా వారు నా అనుమతితో ఈ గట్టు మీదుగా నడుస్తున్నారు అని, ఇద్దరి సంతకాలు. అనుమతితో నడిచినది హక్కుగా మారదు. పాత పుంత, డొంక, బండ్లబాట అని పటంలో ఉన్నవి మాత్రం ఊరివి, వాటిని కలుపుకుని కంచె వేయకండి, మీరే ఆక్రమణదారు అవుతారు.

7. కూలీలు, ట్రాక్టరు

ట్రాక్టరు ట్రక్కులో కూలీల్ని తీసుకురావడం అందరూ చేసేదే, కానీ ట్రక్కు బోల్తాపడితే సాధారణ ట్రాక్టరు పాలసీ ట్రక్కులో కూర్చున్నవాళ్లకి వర్తించదు, ఆ పరిహారం ట్రాక్టరు ఓనర్ జేబులోంచి కట్టాల్సి వస్తుంది. ఆటో మాట్లాడండి. ట్రాక్టరు, మెషిన్లతో పొలం పని చేసేవాళ్లు, బోరు రిపేరు చేసేవాళ్లు ఉద్యోగుల పరిహారం కిందకి వస్తారు (ఇంతకుముందు 1923 చట్టం ఉండేది, 2025 నవంబర్ నుంచి దాని బదులు 2020 సామాజిక భద్రతా కోడ్), కాంట్రాక్టుకి ఇచ్చాను నాకు సంబంధం లేదు అంటే అన్నిసార్లూ చెల్లదు. ఇల్లో షెడ్డో కడుతున్నా, బావి పని పెట్టుకున్నా, పని మొదలవ్వకముందే మేస్త్రికి కూలీల ఇన్సూరెన్స్ ఉందో అడిగి కాపీ తీసుకోండి.

8. జీపీఏ ఇచ్చే ముందు

పొలం చూసుకోడానికి ఎవరికైనా జీపీఏ (మీ తరఫున పనులు చేసే అధికారం ఇచ్చే పత్రం) ఇస్తుంటే అందులో అమ్మే అధికారం, తాకట్టు పెట్టే అధికారం ఉన్న లైన్లు కొట్టేయించండి. కౌలు వసూలు, ఆఫీసుల్లో అప్లికేషన్లు, కోర్టులో హాజరు, అంతవరకే. డాక్యుమెంట్ రైటర్ రెడీగా ఉన్న ఫార్మాట్‌లో అన్ని అధికారాలూ ఉంటాయి, చదవకుండా సంతకం పెట్టొద్దు. రద్దు చేస్తే రిజిస్టర్డ్ రద్దు పత్రం చేయించి, ఆ మనిషికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కొనేవైపు ఉంటే గుర్తుంచుకోండి, జీపీఏ మీద కొన్న భూమికి యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పింది.

9. ఆ భూమితో వ్యాపారం చేస్తుంటే

ప్లాట్లు చేసి అమ్మాలనుకుంటే, 500 చదరపు మీటర్లు దాటిన లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకి 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు, వాట్సాప్‌లో బ్రోచర్ పెట్టినా ప్రకటనే. లేకుండా చేస్తే ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా పెనాల్టీ. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోవద్దు, కొనేవాళ్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. ఏజెంట్‌గా చేసేవాళ్లు కూడా రిజిస్టర్ అవ్వాలి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకి ఇచ్చినది) అయితే దాని అమ్మకాల మీద ఆంక్షలు పెట్టిన 1977 చట్టం ఉంది, 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) సర్వే నంబర్ ఉందేమో చూసుకోకుండా అడ్వాన్స్ తీసుకుంటే మీరే మోసం కేసులో ఇరుక్కుంటారు.

ఫాంహౌస్ అద్దెకిస్తుంటే స్విమ్మింగ్ పూల్ దగ్గర లోతు రాయండి, లైఫ్ రింగ్, పొడుగు కర్ర, రాత్రి లైటు ఉంచండి, ఎవరూ లేనప్పుడు గేటుకి తాళం వేయండి. "ఏం జరిగినా యాజమాన్యం బాధ్యత వహించదు" అని బోర్డు పెట్టేసి నిశ్చింతగా ఉంటారు చాలామంది, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఆ బోర్డు క్రిమినల్ కేసుని ఆపదు. పబ్లిక్ లయబిలిటీ పాలసీ తీసుకోండి, తీసుకునేటప్పుడు పూల్ ఉందని, గెస్టులు రాత్రి ఉంటారని దాచకుండా చెప్పండి, దాచితే క్లెయిమ్ అప్పుడు అదే కారణం చూపి కొట్టేస్తారు.

10. ఆక్రమించారని తెలిస్తే

మనుషుల్ని తీసుకెళ్లి గొడవపడకండి. ఆ రోజే ఫోటోలు, ఆ వారమే పోలీస్ స్టేషన్‌లో, తహసీల్దార్ ఆఫీసులో రాతపూర్వక కంప్లైంట్, రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. మిమ్మల్ని బలవంతంగా భూమిలోంచి వెళ్లగొడితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేయొచ్చు, ఇందులో టైటిల్ ఎవరిదని తేల్చరు, ఎవరు అనుభవంలో ఉండేవాళ్లో అదే చూస్తారు, కాబట్టి త్వరగా తేలే అవకాశం ఎక్కువ. పెద్దమనుషుల్లో మాట్లాడదాం మాట్లాడదాం అని ఆ ఆరు నెలలు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. మాట్లాడండి, కానీ క్యాలెండర్‌లో ఆ తేదీ రౌండ్ చేసి పెట్టుకోండి. అవతలివాడు మీకంటే ముందు కోర్టుకెళ్లి ఇంజంక్షన్ (మిమ్మల్ని ఆపే ఆర్డరు) తెచ్చుకుంటాడని అనుమానం ఉంటే కేవియట్ (నా మాట వినకుండా ఆర్డరు ఇవ్వొద్దని కోర్టుకి ముందే పెట్టే అర్జీ) వేయండి, అది 90 రోజులు పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేయాలి.

ప్రమాదం జరిగితే మొదటి గంట

108, 112. ముందు మనిషి, తర్వాతే మిగతావన్నీ. కరెంటు అయితే ముట్టుకోకుండా మెయిన్ ఆపించండి. ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయండి, కంచె వైరు పీకేయడం, బోరు మీద మట్టి పోయడం లాంటివి చేస్తే సాక్ష్యం చెరిపేసిన కేసు అదనంగా పడుతుంది. కుటుంబానికి సాయం చేయండి, డబ్బు ఇవ్వండి, అది మనిషిగా చేయాల్సింది. కానీ ఊళ్లో రాజీ కాగితం రాసుకున్నాం కాబట్టి కేసు ఉండదు అనుకోకండి, నిర్లక్ష్యం వల్ల చావు అనేది రాజీ పడే కేసు కాదు.

అన్నీ సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుసుకోవాలి

నేను చేసే పద్ధతి చెప్తాను. ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందు ఒకసారి, పంట కోతలయ్యాక ఒకసారి వెళ్తాను. ప్రతి హద్దు రాయి, ప్రతి బోరు, స్టార్టర్ పెట్టె, కుంట, కంచె మూలలు, అన్నీ పోయినసారి నిలబడిన చోటే నిలబడి ఫోటో తీస్తాను, పాత ఫోటో పక్కన పెడితే గట్టు జరుపుకున్నా, రాయి కదిలినా వెంటనే తెలుస్తుంది. ఆ రోజు కౌలుదారుతో కలిసే తిరగండి, ఏం చూశారో, ఏం బాగుచేయమన్నారో సాయంత్రం అతనికి వాట్సాప్‌లో పంపండి, అతను సరేనండీ అని రిప్లై ఇస్తే అదే మీ రికార్డు.

తర్వాత ఇంటికొచ్చాక ఈ ఐదు కాగితాలు పది నిమిషాల్లో బయటికి తీయగలరా చూడండి: ఈ ఏడాది ఈసీ, ఈ ఏడాది కౌలు కాగితం, చివరి కౌలు రసీదు, సర్వే రిపోర్టు, బోర్ల ఫోటోలు. ఏది దొరకలేదో ఆ స్టెప్పు మీరింకా చేయలేదన్నమాట. అందులో బోరు ఫోటో లేకపోతే మిగతా నాలుగూ పక్కన పెట్టి ఇప్పుడే ఊళ్లో ఉన్న ఆ నమ్మకమైన మనిషికి ఫోన్ చేసి, మూత ఉందో లేదో పొలానికి వెళ్లి చూసి ఫోటో పంపమనండి.